మీ చేతికి సరిపోయేదే మీ తుపాకీ: ఈ నెల ఉత్తరాలు, జవాబులు

అక్కా, మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన ఏడాది మా ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. మావారు కన్సల్టింగ్ పని మీద నెలలో రెండు వారాలు ఊళ్ళో ఉండరు. ఉగాది రోజు మా వీధిలో ఒక తెలుగువాళ్ళు గుడికి వెళ్ళినప్పుడు దొంగలు వెనక తలుపు పగలగొట్టి నగలన్నీ పట్టుకుపోయారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పిల్లలకు తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. వేసవిలో అత్తగారు వచ్చి ఆరు నెలలు ఉంటారు. పిస్టల్ కొందామనుకుంటున్నాం. మావారు లావు తూటాలు పట్టే .45 కొనమంటారు. మా మరిది పర్సులో పట్టే చిన్నది చాలంటాడు. నా చేతులు చిన్నవి. మొత్తం ఖర్చు వెయ్యి డాలర్లు దాటకూడదు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

అమ్మా, ఆ నిద్ర పట్టని రాత్రులు నాకు తెలుసు. 2009లో మేము శ్రీనివాస కల్యాణానికి వెళ్ళి ప్లేనోలోని మా ఇంటికి తిరిగొచ్చేసరికి వంటగది తలుపు వేలాడుతోంది. మా అమ్మ తెనాలిలో చేయించి ఇచ్చిన కాసులపేరు పోయింది. మరుసటి వారమే ఒక షాపుకు వెళ్ళాను. కౌంటర్ వెనక ఉన్నాయన నా చేతుల వంక చూసి, "ఆడవాళ్ళకు ఇదే" అంటూ అరకిలో కూడా లేని రివాల్వర్ ఒకటి ఇచ్చాడు. కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌లో అయిదు తూటాలు కాల్చాను. బొటనవేలి మొదట్లో వాచిపోయింది. యాభై తూటాల డబ్బాలో మిగిలిన నలభై అయిదు రెండేళ్ళు అల్మారాలోనే ఉన్నాయి. ఇప్పుడు శనివారాలు కొత్తవాళ్ళకు పిస్టల్ పాఠాలు చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చే మనవాళ్ళలో చాలామంది ఇదే పొరపాటు చేసి, ఆ తర్వాతే వస్తున్నారు. అందుకే మీరు కొనకముందే అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ తలుపు గడియ వెళ్ళి కూర్చునే ఇనుప పట్టీకి కొట్టిన స్క్రూలు విప్పి చూడండి. మన ఇళ్ళలో చాలావాటికి ముప్పావు అంగుళం స్క్రూలే ఉంటాయి. ఒక్క తన్నుకే ఊడిపోతాయి. వాటిని తీసేసి మూడంగుళాలవి బిగించండి. అయిదారు డాలర్లకు మించి కాదు. నగలను బ్యాంకు లాకర్లో పెట్టండి. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకు బాగా తెలుసు. 2011 నుంచి 2014 వరకు జార్జియా, ఒహాయో, మిషిగన్, టెక్సస్‌లలో ఆసియా, భారతీయ కుటుంబాల ఇళ్ళనే ఎంచుకుని దోచుకున్న ముఠా మీద ఫెడరల్ కోర్టులో కేసు నడిచి శిక్షలు పడ్డాయి. ఇంట్లో బంగారం లేకపోతే మీ భయంలో సగం తగ్గుతుంది.

ఇక చట్టం సంగతి. మీ ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి కొనవచ్చు. షాపులో పిస్టల్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్, గ్రీన్ కార్డు రెండూ తీసుకెళ్ళండి. ఈ మధ్య ఇల్లు మారి ఉంటే లైసెన్స్ మీద పాత అడ్రస్ ఉందేమో చూసుకోండి. షాపులో 4473 అనే ఫారం నింపాలి, వాళ్ళు ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. ఎక్కువసార్లు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. తుపాకీ వాడబోయేది మీరే కాబట్టి ఫారం కూడా మీరే నింపి, మీ పేరు మీదే కొనండి.

అత్తగారి విషయం చాలామందికి తట్టదు. ఆవిడ విజిటర్ వీసా మీద వస్తారు. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసాలో ఉన్నవాళ్ళ చేతిలో గానీ, అధీనంలో గానీ తుపాకీ, తూటాలు ఉండకూడదు. కాబట్టి ఆవిడ ఉన్న ఆరు నెలలూ తుపాకీ ఉంచే పెట్టె తాళం, కోడ్ మీ దంపతులకు మాత్రమే తెలియాలి. "ఇదుగో అత్తయ్యా, ఇక్కడ పెట్టాను" అని చూపించే పని కూడా పెట్టుకోకండి.

ఇప్పుడు ఏది కొనాలన్న ప్రశ్నకు వద్దాం. మీవారు చెప్పిన .45 మంచి తూటాయే, కాదనను. కానీ ఒక్కో ప్రాక్టీసు తూటాకు 45, 50 సెంట్లు అవుతుంది. దానికన్నా సన్నని 9ఎంఎం తూటా అయితే ఈ మధ్య మా వైపు 25, 28 సెంట్లకు దొరుకుతోంది. అంటే అదే డబ్బుకు దాదాపు రెట్టింపు ప్రాక్టీసు. ఎఫ్‌బీఐ వాళ్ళు కూడా 1990లలో పెద్ద తూటా వైపు వెళ్ళి, 2010ల మధ్యలో మళ్ళీ 9ఎంఎంకే వచ్చారు. ఇక మీ మరిది చెప్పిన పర్సు తుపాకీ చిన్నది కాబట్టే వద్దంటున్నాను. బరువు తక్కువైతే చేతిని ఎక్కువ తన్నుతుంది. పట్టు చిన్నదైతే రెండో చేతికి చోటుండదు. మీరు దాన్ని నడుముకు కట్టుకుని తిరగబోవడం లేదు, ఇంట్లో పెట్టెలో ఉంచుతారు. అలాంటప్పుడు చిన్నది కొనాల్సిన అవసరమే లేదు.

9ఎంఎంలో, 600 నుంచి 700 గ్రాముల బరువున్న మధ్యరకం పిస్టల్ చూడండి. కౌంటర్ దగ్గర వాళ్ళు ఖాళీగా ఉందని చూపించి ఇచ్చాక, మీరూ చూసుకుని, ఎవరూ లేని వైపు తిప్పి రెండు పరీక్షలు చేయండి. మొదటిది, పట్టు సరిగ్గా పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా రావాలి. వేలి కొన మాత్రమే అందుతుంటే ఆ పిస్టల్ మీకు పెద్దది. రెండోది స్లైడ్, అంటే పిస్టల్ మీద వెనక్కి జరిగే పై భాగం. రెండు వేళ్ళతో గిల్లినట్టు లాగితే ఎవరికీ రాదు. ఎడమ అరచేతిని పైనుంచి కప్పి గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో పిస్టల్‌ను ముందుకు తోయండి. అలా వరసగా పదిసార్లు చేయగలిగితే సరే. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ షీల్డ్ ఈజెడ్ ఇలాంటి చేతుల కోసమే తయారైంది. స్లైడ్ మెత్తగా వస్తుంది, తూటాలు పెట్టే మ్యాగజైన్ నింపడం కూడా తేలిక, ఎనిమిది తూటాలు పడతాయి. నా క్లాసులో చిన్న చేతులవాళ్ళలో చాలామంది చివరికి దాని దగ్గరే ఆగుతారు. గ్లాక్ 19 కూడా కాల్చి చూడండి. 15 తూటాలు పడతాయి, ఎక్కడ చూసినా దొరుకుతుంది, కానీ కొందరికి పట్టు లావుగా అనిపిస్తుంది.

చూసి నచ్చింది కదా అని కొనేయకండి. అద్దెకిచ్చే రేంజ్‌కు ఒక స్నేహితురాలిని తోడు తీసుకుని వెళ్ళండి. మొదటిసారి ఒంటరిగా వచ్చినవాళ్ళకు కొన్ని రేంజ్‌లు అద్దెకివ్వవు. రెండు మూడు పిస్టళ్ళు మార్చి మార్చి కాల్చితే, తూటాలతో కలిపి 60 డాలర్లు అవుతుంది. నేను ఆ 60 ఖర్చు పెట్టి ఉంటే రెండేళ్ళు ఆదా అయ్యేవి.

మీ వెయ్యి డాలర్లు ఎలా సరిపోతాయో నా లెక్క చెబుతాను. పిస్టల్‌కు 450, దాని మీద టాక్స్ 37. పెట్టెకు 150. చెవులకు మఫ్‌లు, కళ్ళద్దాలు 50. ఒక మొదటి క్లాసు 100. అద్దెరోజు 60. ప్రాక్టీసు తూటాలు మూడు వందలు, సుమారు 80. ఇంట్లో ఉంచడానికి ఇరవై హాలో పాయింట్ తూటాలు (మొనలో గుంట ఉండి, తగలగానే విచ్చుకునేవి), 25. అన్నీ కలిపి 952. పిస్టల్ ధరే ఎనిమిది వందలైతే మిగతా వాటిలో ఏదో ఒకటి ఎగిరిపోతుంది, సాధారణంగా ఎగిరిపోయేది పెట్టే.

పెట్టె విషయంలో నేను మొండిగా ఉంటాను. తొమ్మిదేళ్ళ పిల్లాడు కుర్చీ వేసుకుని అల్మారా పై అర అందుకోగలడు, మీకు తెలియని చోట్లు కూడా వాడికి తెలుసు. గుండీలు నొక్కి తెరిచే మెకానికల్ తాళమున్న ఇనుప పెట్టె కొని, మంచం పక్కన స్క్రూలతో బిగించండి. బ్యాటరీ గొడవ ఉండదు. వేలిముద్రతో తెరుచుకునే వాటిని నేను నమ్మను. 2023లో అలాంటి పెట్టెలను అరవై వేలకు పైగా వెనక్కి పిలిపించారు, ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటున్నాయని. ఒక పన్నెండేళ్ళ పిల్లాడు చనిపోయాక ఆ పని జరిగింది. టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకు అందేలా నింపిన తుపాకీ వదిలేస్తే పెద్దవాళ్ళ మీద క్రిమినల్ కేసు అవుతుంది. తుపాకీలోంచి దూర్చి బిగించే కేబుల్ తాళాలు చాలా పోలీస్ స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు, ఒకటి తెచ్చుకోండి. పెట్టె వచ్చేదాకా పిస్టల్ ఇంటికి తేకండి.

ఇంకొక్క సంగతి ఉంది, ఇది మీ ఇంటికి ప్రత్యేకం. ఇక్కడి ఇళ్ళ గోడలు మన ఇటుక గోడల్లాంటివి కావు. అరంగుళం జిప్సం పలకలు రెండు, మధ్యలో ఖాళీ. 9ఎంఎం తూటా అలాంటి గోడలు వరసగా దాటిపోతుంది, హాలో పాయింట్ అయినా సరే. కాబట్టి మీ పడకగది తలుపుకు ఎదురుగా ఏ గోడ ఉంది, దాని వెనక ఎవరు పడుకుంటారు అన్నది పగటిపూట నిలబడి చూసుకోండి. చప్పుడైతే పిల్లలను మీ గదిలోకి తెచ్చుకోండి, తలుపు గడియ పెట్టండి, 911కు ఫోన్ చేయండి, మంచం వెనక ఉండి "పోలీసులు వస్తున్నారు" అని గట్టిగా అరవండి. తుపాకీ పట్టుకుని ఇల్లంతా వెతకడానికి వెళ్ళకండి. మీవారు ఊళ్ళు తిరిగే మనిషి. ఫ్లైట్ మారి, చెప్పకుండా రాత్రి రెండింటికి ఇంటికి వచ్చే రోజు తప్పకుండా ఉంటుంది. ఇకనుంచి ఆయన గరాజ్ తలుపు తీసే ముందు ఫోన్ చేసి, మీరు ఎత్తాకే లోపలికి రావాలి. పెట్టెలో పిస్టల్ పక్కనే టార్చ్ లైటు ఉంచండి. మనిషి ముఖం కనిపించకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

---

మేడమ్, నేను షార్లెట్‌లో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. గ్రీన్ కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఏడేళ్ళయింది. ఆఫీసు స్నేహితులు శనివారం రేంజ్‌కు పిలుస్తున్నారు. కొనడం లేదు కదా, అద్దెకు తీసుకుని సరదాగా కాలిస్తే తప్పేముంది?
– ఒక పాఠకుడు, షార్లెట్

తమ్ముడూ, వెళ్ళకు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, విజిటర్ వీసా, వీటిలో ఏది ఉన్నా తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. రేంజ్‌లో పది నిమిషాలు చేతిలో పట్టుకున్నా అది దగ్గర ఉంచుకోవడమే. శిక్ష 15 ఏళ్ళ వరకు ఉంది, దేశం నుంచి పంపించేయడానికీ అది కారణమవుతుంది. గ్రీన్ కార్డు లైనులో ఎన్నేళ్ళుగా ఉన్నా, కార్డు చేతికి వచ్చేదాకా ఇంతే.

వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉందన్నది నిజమే. కానీ ఆ దారిలో వెళ్ళాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి, రాతపూర్వకంగా సలహా తీసుకో. ఒక వీడియో చూసి నిర్ణయించుకునే విషయం కాదిది. రేంజ్ ఫోటో ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, తర్వాత రెండేళ్ళు టెన్షన్‌తో బతికిన కుర్రాడిని నేను దగ్గర నుంచి చూశాను. ఏడేళ్ళు ఓపిక పట్టావు. స్నేహితులకు విషయం చెప్పు, అర్థం చేసుకుంటారు.

---

నమస్తే అండీ. గ్లాక్ 19 కొని ఎనిమిది నెలలైంది. ప్రతి వారం రేంజ్‌కు వెళ్ళి వంద తూటాలు కాలుస్తాను. తూటాలు, ఫీజు కలిపి నెలకు 190 డాలర్లు అవుతోంది, ఇంట్లో గొడవ. అంత ఖర్చు పెట్టినా ఏడు గజాల దూరంలో అన్నీ కింద, ఎడమ పక్కనే పడుతున్నాయి. గురి చూసే సైట్లు మార్పించాలా? ప్రాక్టీసు కోసం చిన్న తూటాల .22 పిస్టల్ ఒకటి కొనమని స్నేహితుడు అంటున్నాడు.
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

సైట్లు మార్పించకండి. మీరు కుడిచేతి వాటం అనుకుంటాను. చప్పుడు రాబోతోందని చేతికి ముందే తెలిసి, ట్రిగ్గర్ కదిలే క్షణంలోనే పిస్టల్‌ను కిందికి నొక్కేస్తోంది. దీన్ని పట్టుకోవడానికి పది డాలర్ల డమ్మీ తూటాలు చాలు. రేంజ్‌లో ఇంకొకరి చేత మ్యాగజైన్ నింపించండి, అసలు తూటాల మధ్య మీకు తెలియకుండా రెండు డమ్మీలు పెట్టమనండి. డమ్మీ వచ్చినప్పుడు చప్పుడు రాదు, పిస్టల్ మూతి మాత్రం కిందికి దిగుతుంది. అది మీ కళ్ళతో మీరు చూస్తే ఇంక నేను చెప్పాల్సింది ఉండదు. వారం వారం వంద తూటాలు కాల్చడం వల్ల ఎనిమిది నెలలుగా ఈ అలవాటే గట్టిపడుతూ వచ్చింది. మీ ఖర్చు తగ్గితే మీ గురి పెరుగుతుందని నమ్మకంగా చెబుతున్నాను.

రేంజ్‌కు నెలకు ఒక్కసారి వెళ్ళండి, యాభై తూటాలతో. ఫీజుతో కలిపి 35 డాలర్లలో అయిపోతుంది. మిగతా రోజుల్లో ఇంట్లో పది నిమిషాలు డ్రై ఫైర్ చేయండి, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం. దీనికో పద్ధతి ఉంది, ఒక్కరోజు కూడా తప్పకూడదు. మ్యాగజైన్ తీసేయండి. స్లైడ్ లాగి, లోపల ఖాళీగా ఉందని కంటితో చూడండి, వేలు పెట్టి చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. గురి పెట్టే గోడ వెనక మనుషులుండే గది ఉండకూడదు, ఇంటి బయటి ఇటుక గోడ వైపు తిరగడం మంచిది. ఫోన్ పక్కన పడేయండి. ముందు సైట్ పక్కన స్లైడ్ మీద ఒక డైమ్ నాణెం పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. నాణెం పడకుండా వరసగా పదిసార్లు చేయడం రెండు వారాలు పడుతుంది. పది నిమిషాలు కాగానే "అయిపోయింది" అని పైకి అనండి, పిస్టల్ పెట్టెలో పెట్టేయండి. ప్రాక్టీసు ముగించి, తూటాలు నింపాక, "ఇంకొక్కసారి" అని నొక్కినప్పుడే ఇళ్ళలో గోడలకు రంధ్రాలు పడుతున్నాయి. మా క్లాసులో పైకి అనకుండా ఎవరినీ లేవనివ్వను.

ఆ యాభై తూటాలను ఇలా వాడండి. పార్టీల్లో మిగిలిపోయిన పేపర్ ప్లేట్లు తీసుకెళ్ళండి, టార్గెట్లు కొనక్కర్లేదు. ప్లేటు మధ్యలో గారె అంత గుండ్రం గీసి, అయిదు గజాల దూరంలో పది తూటాలు తీరిగ్గా కాల్చండి. తర్వాతి ఇరవై తూటాలు, మధ్యలో డమ్మీలు కలిపి కాల్చండి. ఇంకో పది, పిస్టల్ కిందికి దించి ఉంచి, పైకి ఎత్తి ఒక్కొక్కటే. చివరి పది మళ్ళీ మొదటి పదిలాగే. మొదటి ప్లేటు, చివరి ప్లేటు రెండింటి మీదా తేదీ వేసి దాచుకోండి. మూడు నెలల తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి.

.22 విషయం లెక్క వేసుకుంటే తెలుస్తుంది. దాని తూటా ఎనిమిది సెంట్లకు వస్తుంది, మీ 9ఎంఎం కన్నా 19 సెంట్లు తక్కువ. పిస్టల్‌కు 300 డాలర్లయితే, ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు 1,600 తూటాలు కాల్చాలి. మీ ఇప్పటి జోరులో నాలుగు నెలలు. నేను చెప్పినట్టు నెలకు యాభైకి తగ్గితే రెండున్నరేళ్ళు పైనే. ఇప్పుడైతే కొనకండి. ఇంట్లో ఇంకొకరు నేర్చుకుంటామంటే అప్పుడు ఆలోచించండి, కొత్తవాళ్ళకు అంత మంచి గురువు ఇంకోటి లేదు.

రేంజ్ నుంచి వచ్చాక చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి చేతులు, ముఖం కడగండి. అక్కడి గాలిలో, దుమ్ములో సీసం ఉంటుంది. చెప్పులు, బూట్లు గుమ్మం బయట వదిలే మన అలవాటు ఇక్కడ చాలా మేలు చేస్తుంది. ఆ బట్టలతోనే పిల్లలను ఎత్తుకోకండి.

---

సంక్రాంతికి హైదరాబాద్ వెళ్తున్నాం. క్యాబిన్‌లోకి తీసుకెళ్ళడానికి నా దగ్గర మంచి బ్యాక్‌ప్యాక్ ఉంది, కానీ అది రేంజ్‌కు వాడినది. పూర్తిగా ఖాళీ చేశాను. తీసుకెళ్ళవచ్చా?
– ఒక పాఠకుడు, శాన్ ఆంటోనియో

వద్దండీ. లైనింగ్ చిరుగులో ఒక్క తూటా ఉండిపోయినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. 1959 నాటి ఆ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా దగ్గర ఉండటం కూడా నేరమే. పాస్‌పోర్ట్, లాయరు, వాయిదాలు, మీ సెలవులన్నీ దానికే పోతాయి. ముప్పై డాలర్లు పెట్టి వేరే బ్యాగు కొనుక్కోండి.

---

అక్కా, మా అబ్బాయికి పదిహేనేళ్ళు. స్కూలు మారినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడడు, సరిగ్గా తినడు. పోయిన వారం "నేను లేకపోతే మీకే హాయి" అన్నాడు. మా ఇంట్లో తుపాకీ ఉంది. అది ఎక్కడుందో వాడికి తెలియదని మావారు అంటారు. నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, ఆస్టిన్

అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా రాశాను. మీలాంటి ఇంకో తల్లి కోసం ఇక్కడ కూడా రాస్తున్నాను. తుపాకీని ఈ రోజే ఇంట్లోంచి పంపించేయండి. తూటాలు కూడా. తాళం వేసినా, దాచినా ఇప్పుడు సరిపోదు. నమ్మకమైన, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్న స్నేహితుల పెట్టెలో పెట్టించండి, లేదా దాచిపెట్టే సౌకర్యం ఉన్న షాపునో పోలీసులనో అడగండి. 2021లో ఈ దేశంలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోతే అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవాళ్ళు. ఆ క్షణం చాలా చిన్నది. ఆ క్షణంలో చేతికి తుపాకీ అందకపోతే, పిల్లలు మళ్ళీ మన దగ్గరికి వస్తారు.

మీవారి మాట మీద గొడవ పడకండి. "వాడు మామూలుగా అయ్యేదాకా మాత్రమే" అని చెప్పండి, ఒప్పుకుంటారు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. 988 అనే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు, మీరు మాట్లాడినా సరే, వాడు మాట్లాడినా సరే. పిల్లల డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు వాడు అన్న మాటను అన్నట్టుగానే చెప్పండి, అప్పుడు అపాయింట్‌మెంట్ త్వరగా ఇస్తారు. తుపాకీ ఇల్లు దాటిందని నాకు ఒక్క ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.